కాటా ఎక్కిన శాకాహారి

మా వీధి దర్జీ మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. కుట్టడం బాగానే కుడతాడు. కాని నడుము కొలిచాక ఆ అంకెను తానే రాసుకోకుండా, లోపల మిషను తొక్కే తమ్ముడికి వినబడేట్టు అరుస్తాడు. పోయిన వారం ఎదురుగా టీ తాగేవాళ్లు కూడా విని, తలలు తిప్పి, అంకె నిజమేనా అని నా నడుముతో సరిచూసుకున్నారు. మనిషి కొలతలు మనిషి సొంత వ్యవహారమని ఈ దేశంలో ఎవరికీ పట్టదు. ఈ విషయంలో నా కోపం ఈనాటిది కాదు. పదకొండో ఏట మొదలైంది.

ఆ రోజుల్లో, అంటే ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చి, కర్నూలులో ప్రభుత్వం డేరాల్లో కాపురం పెట్టిన రోజుల్లో, మా జమ్మలమడుగు పక్క పల్లెల్లో పిల్లవాడు ముక్క తినడంటే అది ఇష్టాయిష్టాల సంగతి కాదు, జబ్బు. మా ఇంట్లో ఆదివారమైతే పొట్టేలు, చుట్టమొస్తే కోడి, చుట్టం పోయాక మిగిలిన కోడి. ఇంటిల్లిపాదీ తినేవాళ్లే, నేనొక్కడినే తినను. (పొట్టేలు పిల్లతో స్నేహం చేసి, దాన్ని కోసిన రోజున ఏడ్చి మానేశానని మీరు అనుకుంటే మీ మంచితనానికి నమస్కారం. అలాంటిదేమీ లేదు. నాకు ఆ వాసన పడదు, అంతే. పొట్టేళ్లతో నాకు పెద్దగా పరిచయం కూడా లేదు.) మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది, ఏదీ పనిచేయక చివరికి మోసానికి దిగింది. ఉడికిన మాంసాన్ని మెత్తగా నూరి పప్పులో కలిపి పెట్టింది. కందిపప్పు దారాలు దారాలుగా విడిపోవడం నేనెక్కడా చూడలేదు. ఆ మాటే అన్నాను. తెలివి ఎక్కువైందని వీపు మీద ఒకటి పడింది. మోసం చేసింది ఆమె, దెబ్బ నాకు. దీనికి న్యాయం ఇంతవరకూ జరగలేదు.

అలాంటి నన్ను ప్రొద్దుటూరులో ఉన్న పెద్దమ్మ తన దగ్గరికి పంపమని అడిగింది. మా దగ్గర హైస్కూలు లేక కాదు, ఆమెకు పిల్లలు లేక. "సదువు పేరుతోనన్నా వాన్ని నా కాడ ఉండనియ్యండి" అని మా అమ్మను బతిమాలుకుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ పులివెందులలో పుట్టి పెరిగినవాళ్లు. ఆ ఇంట్లో విస్తరి ముందు కూర్చున్న మనిషి ఆకలితో లేచిన చరిత్ర లేదని పెద్దమ్మ చెప్పేది. అమ్మ సరేనంది. నాయన మాత్రం ఒక షరతు పెట్టాడు.

"సూడు వదినా. సదువు రాకపోతే పాయె. పిల్లోడు సిక్కినాడంటే మాత్రం ఎద్దులబండ్లో ఏస్కోని పోతా, మళ్ల అడగొద్దు."

చిక్కాడా లేదా అన్నది ఎవరు తేలుస్తారు? పెద్దమ్మ కంటికి నేనెప్పుడూ నిండుగానే కనిపిస్తాను, జేజి కంటికి ఎప్పుడూ పుల్లలాగానే కనిపిస్తాను. నాయనకు కళ్ల మీద నమ్మకం లేదు. ఆయన నెలకొకసారి చెనిక్కాయల (వేరుశనగ) బండి తోలుకొని ప్రొద్దుటూరు మండీకి వచ్చేవాడు. అక్కడ దూలానికి వేలాడే పెద్ద కాటా ఉంటుంది. ఒక తట్టలో మూట, ఇంకో తట్టలో రాళ్లు. చెనిక్కాయల సంగతి తేల్చే కాటా కొడుకు సంగతి తేల్చదా అని ఆయనకు తోచింది. నన్ను బడికి పోయే చొక్కాతో సహా తీసుకుపోయి తట్టలో కూర్చోబెట్టాడు. చుట్టూ రైతులు, దళారులు, హమాలీలు. మా నాయన తప్ప సిగ్గుపడాల్సిన వాళ్లంతా అక్కడ సిగ్గుపడ్డారు. అంటే నేనొక్కడినే.

తూకం వేసే ఆయన్ను అందరూ కాటా సాయిబు అనేవాళ్లు. పెద్దమ్మ వాళ్ల వీధి చివరే ఆయన ఇల్లు. మండీలో తూకం మొదలుపెట్టేటప్పుడు ఒకటి అనరు, శుభమని 'లాభం' అంటారు. ఆ పూట మొదటి తూకం నాదే కాబట్టి సాయిబు గొంతెత్తి "లాభం" అన్నాడు. (నన్ను చూసి ఆ మాటన్న మనిషి నా జీవితంలో ఆయనొక్కడే. తర్వాత నేను చేసిన ఉద్యోగాల్లో పై అధికారులెవరూ అనలేదు.) ఆ వెంటనే మండీ అంతా వినబడేట్టు, "రెండు మణుగుల రెండు వీశెలు" అని అరిచాడు. (మణుగంటే ఎనిమిది వీశెలు, ఇప్పటి లెక్కలో నేను పాతిక కిలోలు.) నా తర్వాత కాటా ఎక్కిన చెనిక్కాయల మూటను మాత్రం ఇద్దరు మనుషులు జాగ్రత్తగా ఎత్తి దించారు. నన్ను దిగి పొమ్మన్నారు.

మరుసటి నెల వీశె తరిగాను. కారణం నేను చెప్పకూడదు గాని, పెద్దమ్మ ఇంట్లో ఒకటే పొయ్యి, ఒకటే గెంటె. మాంసం సట్టిలో తిప్పిన గెంటెతో నా పప్పు తిప్పితే నాకు తెలిసిపోయేది. ఆ రోజు మజ్జిగ తాగి లేచేవాణ్ణి. నాయన ఇంటికొచ్చి, మంచం మీద కూర్చోకుండానే, ఇంకొక నెల చూస్తానన్నాడు. పెద్దమ్మ ఆయనకు నీళ్ల చెంబు ఇచ్చి లోపలికి పోయింది, మళ్లీ బయటికి రాలేదు.

పక్కింటి శెట్టెమ్మకు జాలేసింది. వాళ్లింట్లో మాంసమన్న మాటే వినబడదు. ఆదివారాలు నన్ను తన ఇంటికి పంపమంది. నాకు జరగాల్సిన న్యాయం జరిగిందని, తల దువ్వుకొని మరీ పోయాను. నా మాట నమ్మండి, ఆమె వంటలో ఏ లోపమూ లేదు. అందులో ఎర్రగడ్డ లేదు, తెల్లగడ్డ లేదు (మీ ఉల్లి, వెల్లుల్లి), కారం పేరుకు మాత్రం ఉంది, గుమ్మడికాయలో బెల్లం ఉంది. నేను శాకాహారినే గాని నా నాలుక మాంసం తినేవాళ్ల ఇంట్లో పెరిగింది. అది ఆ బెల్లం గుమ్మడికాయను లోపలికి రానివ్వలేదు. అన్నీ బాగున్నాయని చెప్పి, చేయి కడుక్కొని, ఆకలితో ఇల్లు చేరాను. పెరట్లో రోలు కనిపించింది. పొద్దున పెద్దమ్మ అందులో తెల్లగడ్డ కారం దంచింది. అడుగున ఇంకా కొంచెం అంటుకొని ఉంది. తల పైకెత్తేసరికి ఆమె ఎదురుగా నిలబడి ఉంది.

"శెట్టెమ్మ ఇంట్లో బాగుండ్లేదా?"

"శానా బాగుంది."

"మల్ల రోలు నాకేదేందిరా?"

"రుచి సూస్తాండా" అన్నాను, గౌరవం దక్కించుకోవడానికి.

పెద్దమ్మ నవ్వలేదు. అక్కడే రోటి పక్కన కూర్చొని, నా మూతికి అంటిన కారం కొంగుతో తుడిచి, చాలాసేపు ఏదో లెక్క వేసుకుంది.

మరుసటి ఆదివారం నుంచి కొత్త పద్ధతి వచ్చింది. నాకు వేరే సట్టి, వేరే గెంటె. మాంసం ఇంట్లోకి రాకముందే లేచి పొయ్యి అలికి, మాంసానికి వేసే మసాలా అంతా, ధనియాలు, చెక్క, లవంగం, కొబ్బెర, తెల్లగడ్డ, నూరి వంకాయల్లో కూరి వండేది. సంగటి కెలికేది. అదంతా అయ్యాక మళ్లీ మొదట్నుంచి పెదనాయనకు మాంసం కూర. నేను మూడు ముద్దలు సంగటి తిని, వంకాయలు నాలుగే ఉన్నాయేమని అడిగేవాణ్ణి. ఒకసారి నా గెంటె పక్క సట్టిలోకి పోయిందని అనుమానమొచ్చింది. కంచం ముందుకు తోసి లేచాను. పెద్దమ్మ సట్టి కడిగి, మళ్లీ పొయ్యి ముట్టించింది. ఇంత ఆలస్యమా అని నేను చిరాకు పడ్డాను. ఆమె ఎప్పుడు తినేదో నాకు తెలియదు. నేను తినేటప్పుడు తినేది కాదు, పెదనాయన తినేటప్పుడూ తినేది కాదు. అది నేను గమనించాల్సిన విషయమని అప్పట్లో తోచలేదు.

నెల తిరిగింది. ఆ రోజు పెద్దమ్మ కూడా మండీకి వచ్చింది. ఆడవాళ్లు వచ్చే చోటు కాదది. గోనెసంచుల పక్కన, నెత్తిమీద కొంగు కప్పుకొని, కాటా ముల్లు వైపే చూస్తూ నిలబడింది. నన్ను తట్టలో కూర్చోబెట్టారు. సాయిబు "లాభం" అని, రాళ్లు వేసి, "రెండు మణుగుల అయిదు వీశెలు" అన్నాడు. నాయన నమ్మలేదు. రాళ్లు మార్పించాడు. నా జేబులు తడిమి చూశాడు. (ఒక బెల్లం ముక్క, ఒక బలపం దొరికాయి. రెంటినీ తీయించి మళ్లీ తూచారు. బెల్లం ముక్క నాకు తిరిగి రాలేదు.) అంకె మారలేదు.

"సరే వదినా, ఈడే ఉండనీ" అన్నాడు నాయన.

పెద్దమ్మ కాటా వేలాడే దూలం కింది గుంజను ఒక చేత్తో పట్టుకుంది. నేను మాత్రం తట్టలో మఠం వేసుకొని, మూతి ముడుచుకొని, నా బరువును మూడు ఊళ్ల రైతులకు వినిపించినందుకు ఎవరు జవాబు చెబుతారా అని చూస్తున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ పిల్లవాణ్ణి చూసి నవ్వొస్తుంది. లోకంలో జరిగే అన్యాయాలన్నీ తనకే జరుగుతున్నాయని అంత గట్టిగా నమ్మే వయసు మళ్లీ రాదు. కొంచెం పక్కకు తల తిప్పి, గుంజ పట్టుకున్న ఆ చేతిని చూసి ఉంటే బాగుండేది. గాజులు మోచేతి దాకా జారిపోయి ఉన్నాయి.

చూసింది కాటా సాయిబు. రాళ్లు ఒక్కొక్కటే దించుతూ, నాయన ముఖం వైపు కూడా తిరగకుండా అన్నాడు.

"పిల్లోని తూకం సరిపోయిందిలేప్పా. ఆయమ్మను గూడ ఒకతూరి ఎక్కించు. తరుగు యాడ పోయిందో తెలుస్తాది."