డాక్టరమ్మ దగ్గరికి శుభ్రం చేసి తీసుకెళ్ళిన చెవి

కాపాడబోయి ఒక మనిషి చెవిని నేను దాదాపు ముంచేసిన వైనం ఇది. ఆ మనిషి మా ఆయన దేవదానం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. ఇప్పుడైతే నేనూ నవ్వుతున్నాను.

మాది రేపల్లె. మా ఆయన పొలాల్లో నీళ్ళు తోడే డీజిల్ ఇంజన్లు బాగుచేస్తారు. ఇంజన్ విప్పకముందే పక్కన నిలబడి, కాసేపు విని, "రింగులు అరిగాయి" అనో "వాల్వు కొడుతోంది" అనో చెప్పేస్తారు. భట్టిప్రోలు నుంచి బాపట్ల దాకా రైతులు ఆయన చేతికన్నా చెవికే ఎక్కువ మర్యాద చేస్తారు. అలాంటి మనిషి ఒకరోజు బరువైన ఇంజన్‌ను ఒక్కరే ఎత్తబోయారు. ఎడమ చెవిలో టప్‌మందట. అప్పటినుంచి ఆ చెవి ఒకపూట వినిపించేది, ఒకపూట దూది కుక్కినట్టు మూసుకుపోయేది. పైగా తల తిరుగుడు. వాకిట్లో నడుస్తుంటే కాలవలో పడవ మీద నిలబడ్డట్టు ఊగేవారు.

తెనాలిలో చెవి డాక్టరమ్మకు చూపించాం. ఆమె నిదానంగా చెప్పారు.

"చెవి లోపల నత్తగుల్ల లాంటిది ఒకటుంటుందమ్మా. దాన్నిండా నీరు. ఆ నీటిలో లవణాలు సరైన పాళ్ళలో ఉంటేనే మనకు వినపడుతుంది. బరువెత్తినప్పుడు అక్కడ చిల్లు పడి ఆ నీరు కారుతోందేమోనని నా అనుమానం."

"అది తెలిసేదెలాగండి?"

"కర్ణభేరి వెనకున్న తడిని సన్న సూదితో తీసి పరీక్షకు పంపిస్తాం. లోపలి చెవి నీటిలో మాత్రమే ఉండే పదార్థం అందులో దొరికితే చిల్లు ఉన్నట్టే. వెంటనే మూసేస్తాం. ఆలస్యమైతే మాత్రం వినికిడి తిరిగి రాకపోవచ్చు. సోమవారం రండి. ఈలోపు చెవికి నీళ్ళు తగలనివ్వకండి, ఏమీ వేయకండి."

"అలాగేనండి" అన్నాను.

సోమవారం పొద్దున్నే నా తెలివి నిద్రలేచింది. మా పుట్టింట్లో ఒక పద్ధతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళే మనిషిని తలంటి, గోళ్ళు తీసి, చెవులు శుభ్రం చేసి పెళ్ళిచూపులకు పంపినట్టు పంపుతాం. మురికి చెవి చూసి ఆమె "ఈయనకు పెళ్ళాం లేదా" అనుకుంటే నా పరువేం కావాలి? నీళ్ళు తగలకూడదన్నారు, బాగానే ఉంది. నూనె ఉన్నచోటికి నీళ్ళు రావు కదా. అంటే నూనె వేస్తే ఆమె మాట మీరినట్టు కాదు, ఆ మాటకు కాపలా పెట్టినట్టు. ఇంత చిన్న ఉపాయం అంత చదువుకున్న మనిషికి తట్టలేదే అని జాలిపడ్డాను కూడా. కొబ్బరినూనెలో వెల్లుల్లి రేకలు ఎర్రగా వేయించి, గోరువెచ్చగా తెచ్చాను.

"ఏమీ వేయొద్దన్నారుగా" అన్నారు మా ఆయన.

"అది నీళ్ళ సంగతండి. ఇది వాటికి కాపలా. పక్కకి తిరిగి పడుకోండి."

రైల్లో ఎదుట కూర్చున్నావిడ, "వదినా, మీ పచ్చడి సీసా మూత ఊడినట్టుంది, చూసుకోండి" అంది. మా దగ్గర పచ్చడే లేదన్నాను, గర్వంగానే.

డాక్టరమ్మ ముఖానికి మాస్కు కట్టుకుని భూతద్దంలోంచి చూశారు. "కర్ణభేరి కనపడటం లేదేంటి? పసుపుగా ఏదో మెరుస్తోంది."

పక్కనున్న చిన్న డాక్టరు, "లోపలి నుంచే కారిందేమో మేడమ్" అన్నాడు.

"మా ఆయన చెవి మంచిదండి. మీకు శ్రమ లేకుండా తనే ఇచ్చేసింది" అన్నాను.

చిన్న గొట్టంతో దాన్ని పీల్చి, ఒక చుక్క ఉప్పునీళ్ళ గిన్నెలో వేశారు. అది పులుసు మీద తేలే నూనెలా గుండ్రంగా పైకొచ్చి కూర్చుంది.

"కొవ్వు, మేడమ్" అన్నాడు చిన్న డాక్టరు.

"నిన్న మటన్ వండానండి" అన్నాను ధైర్యంగా.

"మటన్ తింటే చెవిలోకి రాదమ్మా."

"ఈయన కొంచెం ఎక్కువే తిన్నారండి."

డాక్టరమ్మ మాస్కు దించి వాసన చూశారు. "వెల్లుల్లి."

"మసాలాలో పడుతుంది కదండీ."

ఈసారి గొట్టంలోకి ఎర్రగా వేగిన వెల్లుల్లి ముక్క ఒకటి వచ్చింది. "ఇదీ నిన్నటి కూరలోదేనా?" అన్నారామె.

మా ఆయన కుడి చెవి అంతా వింటూనే ఉంది. "పొద్దున మా ఆవిడ పోసిందండి. కాపలాకట."

చిన్న డాక్టరు గోడవైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "చూసుకోకుండా సూది దించి ఉంటే ఈ నూనె చిల్లులోంచి లోపలికి పోయేది. ఆ తర్వాత ఆ చెవి మీద ఆశ వదులుకోవడమే. ఇప్పుడిది పూర్తిగా ఆరాలి. వచ్చే సోమవారం దాకా ఏమీ చేయలేం."

ఆ వారం నాకు అన్నం సహించలేదు. ఎవరో బాగుచేయమని ఇంజన్ తెచ్చారు. మా ఆయన చాలాసేపు విని, చివరికి దాని మీద అరచెయ్యి ఆనించారు. "ఏమీ తెలియట్లేదే సుగుణా" అన్నారు. నేను గదిలోకి పోయి ప్రార్థన చేసుకున్నాను. అందులో డాక్టరమ్మకు క్షమాపణే ఎక్కువ.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఆమె చెవిని చూడకముందు వాసన చూశారు. ఈసారి సూదిలోకి వచ్చింది తేటనీరు. పరీక్షలో అది లోపలి చెవి నీరేనని తేలింది. చిల్లు మూశారు. కట్టు విప్పి కొన్నాళ్ళు గడిచాక తల తిరుగుడు పోయింది, వినికిడీ మెల్లగా వెనక్కి వచ్చింది.

ఆయన తిరిగి పనిలోకి దిగిన రోజున వాకిట్లో ఇంజన్ ఊరు అదిరేలా మోగుతోంది. నేను వంటింట్లో రోకలి మీద చెయ్యి వేసి, ఇకమీదట ఈ ఇంట్లో ఎవరి చెవిలోనూ చుక్క నూనె వేయనని ప్రమాణం చేశాను. "మీ అక్క చెవుల్లో తప్ప. ఆవిడకెలాగూ నా మాట వినపడదు" అని నాలో నేనే గొణుక్కున్నాను కూడా.

ఇంజన్ ఆగింది.

"ఆ 'తప్ప' కూడా వినపడింది సుగుణా" అన్నారు మా ఆయన వాకిట్లోంచి.

దాంతో మా ఆడపడుచు చెవులను కూడా ఆ ప్రమాణంలో కలిపేశాను.