మా ఊరి కాఫీ కొత్త

ఆ రోజుల్లో నాకు కాఫీ అంటే గోనెసంచులే. ఇంటి ముందు పరిచిన పరదా మీద ఎండబోసిన గింజలు, వాటిని కోళ్ళు చిమ్మకుండా కర్ర పట్టుకుని కూర్చున్న మా మామ్మ, సంతరోజు జీపు పైకెక్కే మూటలు, అంతే. దాన్ని కాచుకుని తాగొచ్చన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ వచ్చినట్టు లేదు. మిరియాలు అమ్ముతాం, పసుపు అమ్ముతాం, కాఫీ అమ్ముతాం. తాగడానికి చోడి అంబలి ఉంది, చుట్టాలొస్తే టీ ఉంది. అరకు దాటి పై కొండల మీద ఉన్న మా ఊళ్ళో ప్రతి ఇంటికీ సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోట ఉండేది గానీ, ఒక్క ఇంట్లోనూ కాఫీ పొడి ఉండేది కాదు. ఇందులో వింత ఉందని తెలుసుకోవడానికి నేను ఇటలీ దాకా వెళ్ళవలసి వచ్చింది. వెళ్ళినవాణ్ణి తెలుసుకుని ఊరుకున్నానా అంటే, అదీ లేదు.

ఎమ్మే చదువుతుండగా ఒక వేసవిలో మా విశ్వవిద్యాలయం నుంచి కొందరం ఉత్తర ఇటలీలో ఓ చిన్న పట్నానికి వెళ్ళాం. తిండీ దాని చుట్టూ ఉండే ఆచారాలూ అన్న విషయం మీద వేసవి కోర్సు. ఏజెన్సీ నుంచి ఇద్దరమే. నేనూ, చింతూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయీ. ఆమె నన్ను ‘అరకూ’ అనేది, నేను ఆమెను ‘చింతూరూ’ అనేవాణ్ణి. మిగతావాళ్ళు అవే మా పేర్లనుకున్నారు. అక్కడ వేసవిలో సూర్యుడు ఎంతకీ దిగడు. వెలుతురు పోతేగానీ రాత్రి భోజనం చేసే అలవాటు లేని మేము సాయంత్రం ఒకసారి, చీకటి పడ్డాక అనుమానం తీరడానికి ఇంకోసారి తినేవాళ్ళం. మనిషి ఎదురైతే బుగ్గకు బుగ్గ ఆనించి పలకరించాలట. ఏ బుగ్గ ముందో నాకు చివరిదాకా అర్థం కాలేదు. ఇద్దరు ప్రొఫెసర్ల ముక్కులకు నా ముక్కుతో గట్టిగానే పలకరింపులు అందాయి. మా కారప్పొడి డబ్బా క్లాసంతా చేతులు మారి, గ్రీసు కుర్రాడొకడు దాన్ని ఐస్‌క్రీము మీద చల్లుకోవడంతో ఖాళీ అయింది. ఆదివారాలు నదికి పోయేవాళ్ళం. శబరిలో ఈతలు కొట్టిన చింతూరు సల్వార్ బిగించి దూకి అవతలి గట్టు తాకి వచ్చేసేది. గట్టు మీది జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ చప్పట్లు నాకు కూడా కొన్ని వస్తే బాగుండునని, అందరి చెప్పులకూ కాపలా కాస్తూ (నాకు ఈత రాదు) అనుకునేవాణ్ణి. రాబోయే తెలివితక్కువతనానికి విత్తనం అక్కడే పడిందని ఇప్పుడు తోస్తోంది.

మా హాస్టలు కింద ఒక కాఫీ కొట్టుండేది. దాని యజమాని పొట్టమీద ఏప్రాను కట్టుకున్న పెద్దాయన. నేను అరకు నుంచి వచ్చానని తెలియగానే బల్ల దాటుకుని వచ్చి, నా రెండు బుగ్గలూ వాయించి, అలమారలోంచి ఒక సంచీ తీసి చూపించాడు. దానిమీద మా అరకు పేరు! మా మామ్మ కోళ్ళను తోలుతున్న గింజలు నాకంటే ముందే ఇటలీ చేరాయన్నమాట. ఆయన ఆ గింజలే పొడిచేసి, బొటనవేలంత కప్పులో నల్లటి రసమేదో పోసి నా ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా జీవితంలో అదే మొదటి కాఫీ. మొదటి గుక్కకే చెవులు మూసుకుపోయాయి. అయినా కళ్ళు మూసుకుని, తల పంకించి, “తూర్పు వాలులో తోట” అన్నాను. (ఎందుకన్నానో దేవుడికే తెలియాలి.) ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ రోజు నుంచీ ఏ కొత్త మూట విప్పినా నన్ను పిలిచేవాడు. నేను తూర్పు వాలు, పడమటి వాలు, ఏటి ఒడ్డు అని తీర్పులు చెప్పేవాణ్ణి. చింతూరు పక్కన కూర్చుని బిస్కెట్టు కొరుకుతూ తెలుగులో అడిగేది. “అరకూ, నీ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నయ్. ఊరు గుర్తొచ్చిందని చెప్పనా, చేదని చెప్పనా?”

చివరి వారంలో ఒక్కొక్కరం మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. మా కోర్సు నడిపే మేడమ్ ఒక కళ్ళజోడు నెత్తిమీదా, ఇంకొకటి మెళ్ళో గొలుసుకీ పెట్టుకుని తిరిగేది. అందుకని మేము ఆవిడను రెండు కళ్ళజోళ్ళ మేడమ్ అనుకునేవాళ్ళం. చింతూరు ఇప్పపువ్వు ఏరడం గురించి చెప్పింది. తెల్లారకుండానే తల్లితో చెట్టు కిందికి వెళ్ళడం, కింద ఆకులు ఊడ్చి ఉంచడం, ఎవరి చెట్టు కింద వాళ్ళే ఏరుకోవడం, ఉన్నది ఉన్నట్టు చెప్పి కూర్చుంది. నేను కొత్తల పండుగ గురించి చెప్పాలని అనుకునే లేచాను. మా కొండల్లో మామిడి కానీ కొర్ర కానీ చిక్కుడు కానీ, కొత్త పంట ఏదొచ్చినా ముందు ఊరి దేవతకు పెట్టి, అందరూ కలిసి తిన్నాకే ఎవరైనా నోట పెట్టాలి. దాన్నే ‘కొత్త’ చేయడం అంటాం. చెట్టునిండా మామిడికాయలున్నా పిల్లలు సైతం ముట్టుకోరు. అచ్చంగా మాదైన, చక్కటి విషయం. కానీ ముందు వరసలో కాఫీ కొట్టు పెద్దాయన ఏప్రాను విప్పి, ఉతికిన చొక్కా వేసుకుని, నన్ను వినడానికే వచ్చి కూర్చున్నాడు. మామిడి అనబోయిన నోరు కాఫీ అంది. ఇక ఆగలేదు. మొదటి కాఫీ దేవతకు పెట్టనిదే మా ఊళ్ళో ఎవరూ తాగరన్నాను, అడ్డాకు దొప్పల్లో పోసుకుంటామన్నాను, డప్పులన్నాను, థింసా నాట్యమన్నాను. మేడమ్ తొందరలో రెండు కళ్ళజోళ్ళూ ఒకదానిమీద ఒకటి పెట్టుకుని రాసుకుంది. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. చప్పట్లు! నది గట్టున చింతూరుకి వచ్చినవాటికంటే ఎక్కువే. మెట్లు దిగుతుండగా చింతూరు ఒక్కమాట అంది. “మామిడి సరిపోదా నీకు?”

నవ్వేసి తప్పుకున్నాను. ఆ నవ్వు చలికాలం దాకా నిలిచింది. అప్పుడు మేడమ్ నుంచి మెయిలు. కాఫీ కొత్త చూడ్డానికి మా ఊరు వస్తోందట. తన విభాగంలో పైచదువుకి ఒక సీటుందనీ, దానికి మా ఇద్దరిలో ఒకరి పేరు చెప్పాలనుకుంటున్నాననీ, మా ఊళ్ళలో మమ్మల్ని చూశాక తేల్చుకుంటాననీ కింద రాసింది. ఆ సీటు మీద నాకు ఎంత ఆశంటే, బుగ్గల వరస కూడా అద్దం ముందు నేర్చుకుంటున్నాను. దొరికే మొదటి బస్సెక్కి ఊరు చేరి, కోళ్ళను తోలుతున్న మామ్మ పక్కన చతికిలబడి విషయం చెప్పాను. (మా ఇంట్లో మాట్లాడేది మా కొండ భాష. సంతల్లో నేర్చుకున్న తెలుగులోకి మార్చి రాస్తున్నాను.)

“ఏటి సెప్పినావు?”

“కాఫీకి కొత్త సేస్తామని.”

“ఎవులు?”

“మనమే.”

“ఎప్పుడు సేసినాం?”

“సెయ్యలేదు మామ్మా.”

మామ్మ కర్ర కోడిమీంచి నా వైపు తిరిగింది. “ఓరి గుంటడా! మామిడికాయ నీకేటి పాపం సేసిందిరా, దాని మాట సెప్పకపోనావు?”

ఈ ప్రశ్న నాకు రెండు ఖండాల్లో ఎదురైంది. పంచాయితీ దిసారి దగ్గరికి వెళ్ళింది. మంచిరోజులు చూసేదీ దేవతకు పెట్టేదీ ఆయనే. చుట్ట ఆరిపోయేదాకా ఆలోచించాడు. “తినే పంటకి కొత్త సేస్తన్నాం. అమ్మే పంట గదా అని దీనికి సెయ్యలేదు. తల్లికి సూపకుండానే ఇన్నేళ్ళూ మూటలు కట్టీసినాం. గుంటడు అబద్దమే ఆడినాడు గానీ, తల్లికి బాకీ మనమే ఉన్నాం” అన్నాడు. “అయితే?” అంది మామ్మ. “అయితే ఏటి? సేసీడమే.” నేను ఎగిరి గంతేశాను. దిసారి చుట్టతో నన్ను ఆపాడు. “ఆగు. నోట్లో అబద్దం ఎట్టుకుని కొత్త తాగకూడదు. ఆ దొరసానికి నిజం నువ్వే సెప్పాల. సుక్క గొంతు దిగక ముందే సెప్పాల. సెప్పనేదో, ఈ కొత్త లేదు.”

మేడమ్ ముందు చింతూరు వాళ్ళ ఊరు చూసి వచ్చింది. ఇద్దరినీ తీసుకురావడానికి విశాఖ వెళ్ళి, కిరండూల్ రైలెక్కించాను. దారిలో చెప్పేద్దామని నా ఎత్తు. బోగీ నిండా విహారానికి వచ్చిన బడిపిల్లలు. టైడా స్టేషను దగ్గర పడుతుండగా ధైర్యం కూడగట్టుకుని, “మేడమ్, ఆ కాఫీ పండుగ ఉంది చూశారూ, అది నిజానికి...” అన్నానో లేదో, రైలు సొరంగంలో దూరింది. పిల్లలంతా ఒక్క గొంతుతో “ఓ...!” అని అరుపు. వెలుతురొచ్చాక చూద్దును, మేడమ్ కూడా నోరు తెరుచుకునే ఉంది. “మళ్ళీ వస్తుందా?” అంది మెరిసే కళ్ళతో. వచ్చింది. వస్తూనే ఉంది. నేను “నిజానికి” అన్నప్పుడల్లా కొండ నోరు తెరిచి మమ్మల్ని మింగేది. చివరికి “నిజానికి” అనగానే మేడమ్ ముందుగానే అరవడానికి ఊపిరి పీల్చుకోవడం మొదలెట్టింది. చింతూరు పొట్ట పట్టుకుని కిటికీకి ఆనుకుపోయింది. “చెప్పు అరకూ, చెప్పు, ఇంకా సొరంగాలున్నయ్!”

సొరంగాలతో పాటే నా ధైర్యమూ అయిపోయింది. మర్నాడు పొద్దున్నే కొత్త. గింజలు రోట్లో దంచి, పొట్టు చెరిగి, పెంకు మీద వేయించి పొడిచేశారు. మామ్మ దగ్గుతూనే “వాసన బాగుందిరా, ఇన్నాళ్ళూ ఇది కూడా అమ్మీసినాం” అంది. పొడి ఎంత వెయ్యాలో ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇటలీ చూసొచ్చినవాణ్ణి కదా, నన్నడిగారు. ఆ పెద్దాయన బొటనవేలి కప్పును మనసులో పెట్టుకుని, పెళ్ళిళ్ళకు వాడే డేగిసాకు అదే లెక్కన వేయించాను. దిసారి తల్లికి పెట్టాడు. దొప్పలు నింపారు. అందరూ దొప్ప ఎత్తి పట్టుకున్నారు, ఎవరూ తాగడం లేదు. ఊరు ఊరంతా నన్నే చూస్తోంది. డప్పు పట్టుకున్నవాడు కూడా కర్ర గాల్లో ఆపి చూస్తున్నాడు. మేడమ్ దొప్ప పెదాల దాకా తీసుకెళ్ళింది. సీటు, బుగ్గలు, నది, చప్పట్లు అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. “మేడమ్, తాగకండి!” అని అరిచాను. ఆవిడ బిత్తరపోయి, విషమేమో అన్నట్టు దొప్పలోకి చూసింది. అక్కణ్ణుంచి ఒకే ఊపిరిలో చెప్పేశాను. తూర్పు వాలూ పడమటి వాలూ ఏమీ తెలియదనీ, మా ఊళ్ళో ఎవరూ కాఫీ తాగరనీ, ఇలాంటి పండుగే లేదనీ.

ఆవిడ కళ్ళమీది జోడు తీసి, నెత్తిమీది జోడు పెట్టుకుని నన్ను చూసింది. “మరి ఇప్పుడు జరుగుతున్నదేమిటి?”

“ఇదే మొదటిసారి మేడమ్. నా అబద్ధం వల్ల.”

“ఇన్నేళ్ళుగా ఎన్ని పండుగలు చూశానో” అంది మెల్లగా. “ఎక్కడికి వెళ్ళినా తాతల కాలం నుంచీ ఇలాగే అని చెప్పారు. మొదటి ఏడాదికి నన్ను పిలిచింది మాత్రం మీరే.” ఆ తర్వాత నవ్వు మొదలై, దొప్పలో కాఫీ సగం చీరమీద (మామ్మ కట్టబెట్టిన చీర) పోయింది. “ఆ రోజు క్లాసులో నీకు వేసిన మార్కులు మాత్రం తీసేస్తాను.”

దిసారికి ఇంగ్లీషు రాదు. “సెప్పీసినాడా?” అని చింతూరును అడిగాడు. “చెప్పేశిండు తాతా, మొత్తం!” “అయితే తాగండి!” డప్పు మీద దెబ్బ పడింది.

ఇక్కడ ఒక్క సంగతి నేను మరిచిపోయాను. దేవతకు పెట్టింది ఇంటికి తీసుకుపోకూడదు, గిన్నె అక్కడే ఖాళీ అవ్వాలి. బొటనవేలి కప్పులో పోసుకోవలసిన రసాన్ని, జన్మలో కాఫీ ఎరగని ఊరు డేగిసాడు తాగింది. మొదట మొహాలు వంకరపోయాయి, తర్వాత కళ్ళు పెద్దవయ్యాయి. “ఒరే, గుండెకాయ తుడుం కొడతందిరా!” అని మామ్మ లేచి థింసా వరసలో దూరింది. ఆ వరస ఆగలేదు. కళ్ళం చుట్టూ తిరిగి, తోటలోకి దిగి, పక్క ఊరి దాకా వెళ్ళి, వాళ్ళను కూడా కలుపుకుని వెనక్కి వచ్చింది. మధ్యలో మేడమ్, ఎగిరెగిరి పడుతున్న రెండు కళ్ళజోళ్ళు. ఏనాడో మాటలు మానేసిన అన్నదమ్ములిద్దరు ఒకేసారి మాట్లాడ్డం మొదలెట్టారు. ఒకరి మాట ఒకరు వినలేదు గనుక సఖ్యంగానే ఉన్నారు. గిన్నె ఖాళీ చెయ్యడం తన ధర్మమని అడుగుదాకా తాగిన దిసారి, ఆ మధ్యాహ్నమే వచ్చే ఏడాదికీ, ఆపై ఏడాదికీ, ఇంకా పుట్టని పిల్లలకీ మంచిరోజులు చెప్పేశాడు.

ఆ సీటు చింతూరుకి వచ్చింది. రావలసిందే. ఇప్పపువ్వు గురించి ఆమె చెప్పిన ఆ నాలుగు ముక్కల్లో ఒక్కటి కూడా తర్వాత వెనక్కి తీసుకోవలసి రాలేదు. నేను మైదాన ప్రాంతంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. పిల్లలు గొప్పలు చెప్పినప్పుడు కోప్పడలేను, ఊరికే వాళ్ళ ఊరి పేరు అడుగుతాను.

చాలా ఏళ్ళకి, ఈ చలికాలం కొత్తకి ఊరు వెళ్ళాను. మామ్మా లేదు, దిసారీ లేడు. తోట చివర అందరితో పాటు వరసలో కూర్చుని, దొప్ప ఎత్తి నోటి దగ్గర పెట్టుకున్నానో లేదో, మా అక్క కూతురు, పదో తరగతి గుంట, నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“మావా! అలాగ తాగీకూడదు. ముందు, ఈ ఏడాదిలో ఆడిన అబద్దం ఒకటి సెప్పాల. సెప్పకుండా తాగితే తల్లి ఒప్పుకోదు.”

చుట్టూ చూశాను. నిజమే. ఒక్కొక్కరే దొప్ప పట్టుకుని చెబుతున్నారు. ఒకడు కడుపునొప్పని బడి ఎగ్గొట్టాడట. ఒకామె తోటికోడలి కూర బాగుందని ఏడాదంతా అందట. ప్రతి అబద్ధానికీ అందరూ పడీ పడీ నవ్వడం, ఒక డప్పు దెబ్బ, ఒక గుక్క.

“ఇలాగని ఎవరు చెప్పారే?” అన్నాను.

“ఎవులో సెప్పడమేటి? తాతల కాడి నుండీ ఇలాగే. నువ్వు పట్నంలో ఉంటావు, నీకేటి తెలుస్తాది! బేగి సెప్పు, సల్లారిపోతంది.”

సరిదిద్దాలని నోటిదాకా వచ్చింది. మళ్ళీ చప్పట్ల కోసమేనేమో అనిపించి మింగేశాను. “నాకు కాఫీ అంటే ఇష్టమని అందరికీ చెబుతూ ఉంటాను” అన్నాను. ఊరంతా నవ్వింది. డప్పు మోగింది. తాగాను. ఇప్పటికీ చేదే.