బాపును చూసి దిగిన సైకిల్

ఎవరన్న నన్ను చూసి "టీచరమ్మా, మీ కాళ్లెంత గట్టియమ్మా" అంటే నాకు కడుపుల నుంచి నవ్వు తన్నుకొస్తది. నా కాళ్లు ఎంత గట్టియో నాకెర్క, మా బాపుకెర్క. నల్గొండల ఒక కాలేజి హాల్ల, ఎటూ పోని సైకిల్ మీద, పది నిమిషాల పరీక్షల ఆరో నిమిషానికే చేతులెత్తేసిన కాళ్లు ఇవి. కాళ్లు చేతులెత్తుడేందని అడుగుతరేమో! ఎత్తినై మరి, నేనేం చెయ్యాలె?

మాది రామన్నపేటకు నాలుగు మైళ్ల దూరంల ఊరు. గొర్ల కాపరులం. నేను చెప్పేది ఎనభైల సంగతి. పదో తరగతి అయినంక ఇంటర్ చదువుకు రోజూ రామన్నపేటకు పోవాల్నాయె, బస్సేమో వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. మా బాపు ఒక పొట్టేలును అమ్మి, రామన్నపేటల సైకిళ్లు కిరాయికిచ్చే సాయిబు తాత దగ్గర పాత సైకిల్ ఒకటి కొనుక్కొచ్చిండు. మగోళ్ల సైకిల్, నడిమిట్ల అడ్డ కడ్డీ. ఊరంత ముక్కు మీద వేలేసుకున్నది. మా అవ్వ, అంటే బాపు తల్లి, "ఆడిపిల్ల సైకిలెక్కితే నేను అన్నం ముట్ట" అని మూల కూసున్నది. మూడు రోజులు అన్నం ముట్టలే. గంజి మటుకు తాగింది, నేను చూసిన.

నాలుగో రోజు అవ్వ ఒక షరతు పెట్టింది.

"తొక్కు. గని పెద్దోళ్లు ఎదురైతే దిగాలె. కూసోని పెద్దోళ్ల ముందటికెళ్లి పోతే కండ్లు పోతయ్."

ఇది అవ్వ కొత్తగ కనిపెట్టింది కాదు. మా దిక్కు మగోళ్లు గూడ గట్లనే చేస్తుండె. బడి సారు ఎదురైతే దిగుడు, కులపెద్ద ఎదురైతే దిగుడు. ఇగ పటేలు ఇల్లొస్తే అరుగు మీద మనిషున్నా లేకున్నా దిగి, ఆ ఇల్లు దాటేదాక సైకిల్‌ను నడిపించుకుంట పోవుడు. వెనుకట దిగకుంటే కొట్టేటోళ్లట. నా కాలానికి కొట్టే చెయ్యి ముసల్దైంది గని, దిగే కాలు మటుకు దిగుతనే ఉన్నది.

నేను ఒక్కరికి గూడ తక్కువ చెయ్యలే. ఊరు దాటేలోపల నాలుగుసార్లు, చెరువుకట్ట కాడ ఒకసారి, రామన్నపేట మొదట్ల రెండు సార్లు. సాయిబు తాత ఒక్కడే చేతులు జోడించిండు. "నా కోసం దిగకు బేటీ, ఆడికెళ్లే సలాం చెప్పి పో. నువ్వు ఆ కడ్డీ మీదికెళ్లి దిగుడు, మల్లా ఎక్కుడు చూస్తే నాకు గుండె దడ పుడ్తాంది" అన్నడు. అందరికన్న ఎక్కువ దిగింది మా బాపును చూసే. దారి పక్కపొంటనే గొర్లను మేపుతుండె. ఎంత దూరంల గొంగడి కనవడితే అంత దూరంల దునికేదాన్ని. రెండేండ్లకు ఎట్లైందంటే, నాకు సోయి లేకున్నా సరే, బాపు కనవడంగనే నా కాలు భూమి మీద ఉంటుండె.

ఇంటర్ అయినంక వ్యాయామం టీచరు ట్రైనింగుకు కాగితం పెట్టిన. నల్గొండకు పిలిచిండ్రు. ఉరుకుడు, దుంకుడు, ఆఖరికి సైకిల్ పరీక్ష. అవ్వ ఇంకో షరతు పెట్టింది. మా అవ్వ దగ్గర షరతులకేం కరువు లేదు.

"సీటొస్తే సైకిల్ నీది, నీ ఇష్టమొచ్చిన కాడికి పో. రాకుంటే సైకిల్ అమ్మి రెండు మేకలు కొంటం. నువ్వు వాటి ఎనుక పో."

"సైకిల్ పరీక్షనా? నాకా?" అని నేను ఇల్లెగిరిపోయేటట్టు నవ్విన. "పొద్దుగాల నాలుగు మైళ్లు, మాపటికి నాలుగు మైళ్లు తొక్కేదాన్ని. ఆ సైకిలే అలిసిపోవాలె గని నేనా!" బడాయి అంటే గదీ. ఇంట్ల పులి, వీధిల పిల్లి అని ఊరికే అనలే పెద్దలు.

కాగితం మీద తండ్రి వేలిముద్ర గూడ కావాలన్నరు. గొర్లను చిన్నాయినకు అప్పజెప్పి పొద్దెక్కినంక వస్తనన్నడు బాపు. నేను సైకిల్‌ను సాయిబు తాత దుకాణంల పెట్టి ముందు బస్సుకే పోయిన.

ఉరుకుడుల రెండోదాన్ని వచ్చిన. దుంకుడు గూడ సక్కగనే అయింది. ఇగ హాల్లకు తోలుకపోయిండ్రు. ఆడ ఉన్నది అది.

సైకిలే. గని ఎనుక చక్రం లేదు, బెల్లు లేదు, బ్రేకు లేదు. ముందట ఒక బరువు చక్రం, దాని మీదికెళ్లి ఒక పట్టీ, పట్టీ కొసకు తక్కెడ పళ్లెం లెక్క ఒకటి. మొత్తం నేలకు బోల్టులు కొట్టి బిగించిండ్రు. పరీక్ష పెట్టే పెద్దసారు దాన్ని పట్నం నుంచి తెప్పించిండట, కొత్త అల్లుణ్ని చూసుకున్నట్టు చూసుకుంటుండు. "నిమిషానికొక తూకం రాయి ఇందులో వేస్తాను. వేసినకొద్దీ చక్రం బిగుసుకుంటుంది. పది నిమిషాలు ఆగకుండా తొక్కాలి. మధ్యలో దిగితే పరీక్ష పోయినట్టే" అన్నడు.

నా ముందు హుజూర్‌నగర్ పిల్ల ఎక్కింది. పది నిమిషాలు తొక్కింది గని, దిగినంక అప్పుడే పుట్టిన దూడ తీర్గ నాలుగడుగులేసి గోడను పట్టుకున్నది. నేను ముసిముసిగ నవ్విన. పాపం ఊరికే పోదు.

ఒకటో నిమిషం రాజ్యమేలిన. రెండో నిమిషం కిటికీ దిక్కు చూసుకుంట, పాట పాడుకోబుద్ధయింది. మూడో రాయి పడ్డది. ఇదేందిర అయ్యా, చక్రం బురదల దిగవడ్డట్టుంది! నాలుగో రాయికి నా తొడలు నావి కావు. ఎంత తొక్కినా ఎదురుంగున్న గోడ ఎదురుంగనే ఉన్నది. దారి లేదు, దిగుడు లేదు, గాలి లేదు. గప్పుడు, ఆ చెమటల, నాకు ఒక సంగతి సమజైంది. రెండేండ్ల సంది రోజుకు ఎనిమిది మైళ్లు తొక్కిన అనుకున్న గని, నేను ఎన్నడు వరుసబెట్టి పది నిమిషాలు తొక్కలే! ఐదు నిమిషాలకొక పెద్దమనిషి ఎదురైతుండె, నేను దిగుతుంటి, ఊపిరి తీసుకుంటుంటి. నేను ఇచ్చింది మర్యాద, తీసుకున్నది ఆరాం. ఈ హాల్లనేమో ఒక్క పెద్దమనిషి గూడ ఎదురొస్తలేడు.

ఐదో రాయి పడంగనే నేను మొక్కుకున్న. దేవుడా, ఎవ్వరో ఒకరిని తోలు.

ఆరో నిమిషంల హాలు గడప మీద మా బాపు నిలవడి ఉన్నడు. భుజం మీద గొంగడి, చేతుల కర్ర.

దునికిన.

ఎట్ల దునికిన్నో నాకే తెల్వది. పెడల్ తిరిగొచ్చి పిక్క మీద ఠపీమని కొట్టింది. నేను సైకిల్ పక్కపొంట చేతులు కట్టుకోని, తలకాయొంచి నిలవడ్డ.

"ఏమైంది? ఎందుకు దిగావు?" సారు గడియారం పట్టుకోని ఉరికొచ్చిండు.

"మా బాపొచ్చిండు సార్."

"వస్తే?"

"పెద్దోళ్లొస్తే దిగాలె గద సార్."

సారు నన్ను చూసిండు, బాపును చూసిండు, బోల్టులు కొట్టిన సైకిల్‌ను చూసిండు. "అది ఎక్కడికీ పోదు కదమ్మా! మీ బాపుకు ఎదురెట్లా పోతుంది?" అన్నడు, గంతే, ఇగ నవ్వు ఆగలే ఆయనకు. పిల్లలు నవ్వవట్టిరి, రాళ్లందించే అటెండరు రాయి కింద పెట్టి నవ్వవట్టె. హుజూర్‌నగర్ పిల్ల గోడ ఇడిసిపెట్టి కింద కూలవడ్డది. బాపు ఒక్కడే పరేషానై, "తప్పైంది సార్, నేను పోత, నేను పోత" అనుకుంట ఎనుకకు నడిచిండు.

సారు కండ్లు తుడుసుకోని అన్నడు: "మర్యాద ఇచ్చి పరీక్ష పోగొట్టుకున్న పిల్లను నేనెన్నడూ చూడలేదు. పో, నీళ్లు తాగి కూర్చో. అందరిదీ అయ్యాక మొదటి నుంచి తొక్కు. అయ్యా, మీరు మాత్రం దయచేసి బయటే ఉండండి."

నేను ఆయనకు చెప్పిన మాటల ఒక్క ముక్క అబద్ధం లేదు. గని మొత్తం కలిపితే అబద్ధమే. బాపు రాకున్నా ఇంకో పది తొక్కుడ్లకు దిగేదాన్నే. ఆ సంగతి గొంతు దాక వచ్చింది, నోరు తెరవలే. మేకలు యాదికొచ్చినై.

వరండల బాపు సద్ది ఇప్పిండు. జొన్న రొట్టె, ఉల్లిగడ్డ.

"ఆ సైకిల్ ఎందాక పోతది బిడ్డా?"

"ఎందాక పోదు బాపూ."

"మరి గంత చెమటెందుకు వట్టింది?"

నాకు నవ్వొచ్చి రొట్టె గొంతుల ఇరుక్కున్నది. బాపు ఈపు మీద సరిసి, "ఈసారి గడియారం చూడకు. నువ్వు చూస్తే నీ కాళ్లకు ఎర్కైతది" అన్నడు.

రెండోసారి ఎక్కేటప్పటికి సారు తలుపులేయించిండు, కిటికీలేయించిండు. అటెండరును గడపకు అడ్డం నిలవెట్టి, "ఏ పెద్దమనిషినీ రానివ్వకు" అన్నడు. మల్ల నా దిక్కు తిరిగి, "నేనూ పెద్దవాణ్నే, నన్ను చూసి దిగకు తల్లీ" అన్నడు. పిల్లలు మల్ల పడి పడి నవ్విండ్రు. నేను గడియారం దిక్కు చూడలే. ఆరో రాయికి ఏడుపొచ్చింది, ఏడ్సుకుంటనే తొక్కిన. ఏడో రాయి, ఎనిమిదో రాయి. తొమ్మిదో రాయికి చక్రం నిలవడబోయింది.

గప్పుడు మూసిన తలుపు అవతలికెళ్లి ఒక కూత ఇనవడ్డది. "ట్ర్ర్ర్ర్... హోయ్! హోయ్!"

గుట్ట ఎక్కలేక మొరాయించే గొర్లను బాపు అదిలించే కూత అది. "ఏంటా చప్పుడు?" అని సారు బెదిరిండు. నాకు నవ్వు, ఏడుపు ఒక్కతాన్నే వచ్చినై. కాళ్లు మటుకు తిరిగినై. గొర్ల కాపరి బిడ్డను గద, ఆ కూతకు కదలకుంటే ఎట్ల?

పది నిమిషాలని సారు అరిసినంక గూడ ఇంకో నాలుగు తొక్కుడ్లు తొక్కిన్నట. దిగి నిలవడబోయి నేల మీద కూసున్న. హుజూర్‌నగర్ పిల్ల ఈసారి నన్ను చూసి నవ్వింది, బాకీ తీరింది. సారు రాసుకోని, బాపును లోపటికి పిలిచి, వేలిముద్ర ఏయించుకోని, "మీ పిల్లకు సీటొచ్చినట్టే" అన్నడు. బాపు ఆ సైకిల్‌ను ఒక్కసారి ముట్టుకోని చూసిండు.

రామన్నపేటల బస్సు దిగి, సాయిబు తాత దగ్గర సైకిల్ తీసుకున్నం. నేను తొక్కుత, నువ్వు ఎనుక కూసో బాపూ అన్న. "నీ కాళ్లల్ల ఏం మిగిలింది?" అన్నడు గని కూసున్నడు. గొంగడి ఒళ్లె పెట్టుకోని, కర్ర అడ్డం పెట్టుకోని. మెల్లగ పోతున్నం. సీటొచ్చింది, సైకిల్ నాదైంది, గాలి సల్లగ కొడ్తాంది. గని నా లోపల ఆ ముల్లు పొడుస్తనే ఉన్నది. ముందటికే చూసుకుంట చెప్పిన.

"బాపూ, పొద్దుగాల నేను నీ కోసం దిగలే. నా కాళ్లు ఒడిసినై. నువ్వు కనవడ్డవు, నీ పేరు జెప్పి దిగిన."

సైకిల్ కిర్రు కిర్రు అంటాంది. ఎనుక సీటు కదులుతున్నట్టయింది, ఏందని చూస్తే బాపు నవ్వుతుండు.

"నాకెర్క లేదానే? మూడో రాయి సంది కిటికీ అవతలనే నిలవడ్డ. ఐదో రాయికి నీ మోకాళ్లు ఒకదానికొకటి తగలవట్టినై. గొర్రె కూలవడే ముందట గట్లనే చేస్తది. ఉట్టిగనే దిగితే నలుగుట్ల నీ ఇజ్జత్ పోతది. నన్ను చూస్తే ఎట్లయిన దిగుతవు. అందుకనే లోపటికొచ్చిన."

నా కండ్లల్ల నీళ్లు తిరిగినై. దారి మసకమసకైంది. మా బాపు తన బిడ్డను దించనీకి నల్గొండ దాక వచ్చిండు. నేను దేవుణ్ని అడిగితే దేవుడు కిటికీ కాడనే ఉన్నడు.

గట్లనే ఊర్లకొచ్చినం. మలుపు తిరగంగనే పటేలు ఇల్లు, అరుగు మీద పటేలు. నా కాలు దానంతట అదే కిందికి దిగవోయింది. ఎనుక నుంచి బాపు చెయ్యి నా భుజం మీద పడ్డది.

"తొక్కు బిడ్డా. ఇయ్యాల ఒక్కసారి దిగినవు, సాలు."

పటేలు కూసోని ఉన్నడు. మేము గూడ కూసోనే పోయినం.