బావ ఆల్బమ్‌లో లేని పదకొండు నిమిషాలు

పోయిన నెలలో ఒక సంగీత పత్రిక నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "ఆ నాలుగు ఆల్బమ్‌లకీ మీరే పనిచేశారు కదండీ, వాటిని పోల్చి ఏది మొదటిదో ఏది చివరిదో మాకు రాసిస్తారా?" అని అడిగింది. రాయనన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. పోల్చి గంపకెత్తడానికి అవేం కూరగాయలా? ఆవిడ ఊరుకోలేదు. "మా పాఠకుల ఓట్లలో మీ బావగారి ఆల్బమ్‌కే మొదటి స్థానం వచ్చిందండీ. ఒక్క క్షణం కూడా వృథా లేదని అందరూ ఒకటే మాట," అంది. అక్కడితో ఫోన్ పెట్టేశాను. ఆవిడ తప్పేమీ లేదు. ఆ వృథా అంతా ఏరిపారేసింది నేనే, అదీ నా ఏడుపు.

మా బావ అసలు ఉద్యోగం లిఫ్టులు బాగుచేయడం. పెళ్ళికాకముందు ఒకరోజు మేముండే అయిదంతస్తుల ఇంట్లో లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల మా అక్క ఉంది. పైన మోటారు విప్పుకుంటూ ఒక పొడుగాటి మనిషి, "కంగారు పడకండి, ఇంకో పదే పది నిమిషాలు," అని నలభై నిమిషాలు చెబుతూనే ఉన్నాడు. మధ్యమధ్యలో కూనిరాగం ఒకటి. బయటికొచ్చిన అక్క అతన్ని చెడామడా తిట్టాల్సింది పోయి, ఆ రాగం ఏమిటని అడిగింది. లిఫ్టులో ఇరుక్కుంది నలభై నిమిషాలే, పెళ్ళిలో ఇరుక్కుంది మాత్రం నలభై ఏళ్ళు అని నేను ఏడిపిస్తుంటే, "నోర్మూసుకోరా," అనేది గానీ ముఖంలో నవ్వు దాగేది కాదు.

సాయంత్రాలు బావ ఒక బ్యాండులో బేస్ గిటారు వాయించేవాడు. మిగతావాళ్ళు ముగ్గురు: గిటారు వాయిస్తూ పాడే గాయకుడు, బళ్ళో లెక్కలు చెప్పే ఆర్గన్ మేష్టారు, సిటీ బస్సు నడిపే డ్రమ్మరు. వాళ్ళది ప్రోగ్రెసివ్ రాక్. అదేమిట్రా అని మా అమ్మ అడిగితే, "పాట మొదలయ్యాక నువ్వెళ్ళి బట్టలుతికి ఆరేసి వచ్చినా ఇంకా అదే పాట నడుస్తుంటుందమ్మా," అని చెప్పాను. ఏడు దెబ్బల లెక్కలో మొదలయ్యేది, అయిదులోకి దూకేది, ఎక్కడెక్కడో తిరిగి ఇరవై నిమిషాలకి ఒడ్డుకి చేరేది. జనం మాత్రం చెవులప్పగించి వినేవాళ్ళు. నేను వాళ్ళు రికార్డు చేసుకునే స్టూడియోలో టేపు కోసి అతికించే పనిలో ఉండేవాణ్ణి. టేపు సెకనుకి పదిహేను అంగుళాలు పరిగెత్తుతుంది. దగ్గునీ, తప్పు స్వరాన్నీ, అనవసరపు నిశ్శబ్దాన్నీ బ్లేడుతో కోసి, రెండు కొసల్నీ అతుకు కనపడకుండా కలపాలి. ఆ పనిలో నన్ను మించినవాడు లేడని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ బ్యాండు పని చేసే పద్ధతి ఇంకెక్కడా నేను చూడలేదు. ముందు బావ ఒక్కడే వచ్చి బేస్ వాయించి వెళ్ళేవాడు. మధ్యమధ్యలో ఆపేసి, బూటుతో నేలమీద లెక్క తడుతూ కూర్చునేవాడు. టేపు మీద ఆ బూటు చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. దాన్ని వాళ్ళు కుర్చీ వేయడం అనేవాళ్ళు. "మేష్టారూ, మూడో పాటలో మీకు కుర్చీ వేశాను," అని మాత్రం చెప్పేవాడు బావ. మేష్టారు వచ్చి ఆ ఖాళీలో ఆర్గన్ వాయించేవారు, డ్రమ్మరు వచ్చి తన ఖాళీలో చెలరేగిపోయేవాడు. ఎవరు ఏం వాయించాలో బావ ఏనాడూ చెప్పలేదు. ఇంట్లో కూడా అంతే. అక్కకి ఏదైనా కోపం వస్తే ఎదురుగా కూర్చుని ఆవిడ చెప్పేదాకా చూసేవాడు తప్ప, ఏమైందని గుచ్చి గుచ్చి అడిగేవాడు కాదు. ఆ మౌనానికి అక్కకి ఇంకా ఒళ్ళు మండేది.

ఏడేళ్ళు బాగానే నడిచింది. ఎనిమిదో ఏట, ఇరవై రెండు నిమిషాల పాటని రేడియో కోసం సగానికి తగ్గిద్దామన్నాడు గాయకుడు. "పాట సగం చేస్తే నా బతుకు సగం చేసినట్టే," అని మేష్టారు లేచారు. మాటా మాటా పెరిగింది. స్టూడియో మెట్ల మీద ఒకరి మీదొకరు అరుచుకున్నారు, డ్రమ్మరు మధ్యలో దూరి ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. మర్నాటి నుంచి ఎడమొహం పెడమొహం. బావ మాత్రం, "కోపాలు చల్లారితే వాళ్ళే వస్తార్లే," అంటూ రోజూ నాలుగింటికి స్టూడియోకి వచ్చి అరగంట కూర్చుని వెళ్ళేవాడు. వాళ్ళు రాలేదు. తలా ఒక ఆల్బమ్ ఎవరికి వారే చేసుకుంటున్నామని కబురొచ్చింది. "ఆయన తాళి కట్టింది నాకే గానీ కాపురం చేసింది ఆ ముగ్గురితోరా," అంది అక్క ఆ రోజు. నవ్వుతూనే అంది, కళ్ళు తుడుచుకుంటూ.

ఈ సంగతి చెప్పాలంటే ఆ పత్రికావిడ అడిగిన పోలిక ఎలాగూ చేయక తప్పదు కాబట్టి ఇక్కడ చేస్తాను. గాయకుడి ఆల్బమ్ ముందొచ్చింది. అట్ట నిండా అతని ముఖమే. మూడేసి నిమిషాల పాటలు పది, ప్రతిదాన్లోనూ గొంతు ముందుకొచ్చి నిలబడుతుంది. మంచి గొంతు, కాదనను. కానీ బ్యాండులో ఉన్నప్పుడు ఆ గొంతు కోసం జనం ఎనిమిది నిమిషాలు ఎదురుచూసేవాళ్ళు, అది వచ్చేసరికి ఒళ్ళు జలదరించేది. ఇక్కడ ఎదురుచూపే లేదు. మేష్టారిది ఒకే పాట, రికార్డు రెండు వైపులా కలిపి నలభై నిమిషాలు. అందులో నాలుగైదు చోట్ల ఇప్పటికీ నాకు కన్నీళ్ళొస్తాయి. అయితే అక్కడికి చేరేలోపు ఆకలేస్తుంది. ఇక చాలు మేష్టారూ అనే మనిషి పక్కన లేకపోతే అంతే. డ్రమ్మరు చేసిందే అందరినీ ఆశ్చర్యపరిచింది. డ్రమ్ములు దాదాపు లేవు. ఈల వేసినంత సన్నటి రాగాలు, చంటిపిల్లని నిద్రపుచ్చుతున్నట్టు. నన్ను మోతగాడనే అనుకున్నారు కదా, చూడండి అన్నట్టుంది. ఆ ముగ్గురి ఆల్బమ్‌లూ అతికిస్తున్నంతసేపూ నాకు ఒకటే అనిపించింది, ప్రతిదాన్లోనూ మిగతా ముగ్గురూ లేనితనం వినిపిస్తోందని. ఆ మాట పైకి అనలేదు. నేను అతికించేవాణ్ణి, నన్నెవరడిగారు?

బావ అందరికన్నా చివర చేశాడు. మధ్యాహ్నం భోజనాల వేళ పని మానుకుని, గ్రీజు చేతులు తుడుచుకుంటూ రెండు వారాలు వచ్చాడు. ఆరు పాటలు, నలభై ఒక్క నిమిషాలు. ఆఖరి రోజున రీలు డబ్బా నా చేతికిచ్చి, "అయిపోయిందిరా. రికార్డు రాగానే మొదటి మూడు కాపీలూ వాళ్ళ ముగ్గురికీ పంపించు. ఉత్తరం గిత్తరం ఏం వద్దు, వాళ్ళకి తెలుస్తుంది," అన్నాడు. మర్నాడే వేరే ఊళ్ళో కొత్త ఆసుపత్రికి లిఫ్టులు బిగించడానికి నెల్లాళ్ళ పని మీద వెళ్ళిపోయాడు.

టేపు పెట్టి విన్నాను. బేస్ వస్తుంది, ఆగుతుంది, బూటు చప్పుడు. మళ్ళీ బేస్, మళ్ళీ బూటు చప్పుడు. కుర్చీలని నాకు తెలుసు. తెలియకేం, ఏడేళ్ళు చూసినవాణ్ణి. కానీ కూర్చునేవాళ్ళు లేరుగా! ముగ్గురూ ఎవరి దారి వారు చూసుకున్నారు. పాపం అలవాటు కొద్దీ చేతులు వాటంతటవే ఆగిపోయుంటాయి, ఇదిలాగే బయటికెళితే మా బావ నవ్వులపాలవుతాడు అనుకున్నాను. కంపెనీవాళ్ళు సోమవారానికల్లా ఇమ్మని తొందరపెడుతున్నారు. బావ ఉన్న ఊరికి ఫోన్ చేయొచ్చు. చేయలేదు. నాకు తెలియందేముంది అనుకున్నాను, అదే నా పొగరు. బ్లేడు తీసుకుని ఖాళీ వచ్చిన ప్రతిచోటా కోశాను. అసలు టేపునే కోశాను, నకలు తీసిపెట్టుకోవాలన్న బుద్ధి కూడా పుట్టలేదు. కోసిన ముక్కలు చెత్తలోకి పోయాయి. మిగిలింది ముప్పై నిమిషాలు. అతుకులు ఎంత బాగా కుదిరాయంటే, ఆ సాయంత్రం నా భుజం నేనే తట్టుకున్నాను.

బావ తిరిగొచ్చేసరికి రికార్డు బయటికొచ్చేసింది, మూడు కాపీలూ వాళ్ళకి చేరిపోయాయి. ఆదివారం పొద్దున అక్కా నేనూ చూస్తుండగా ఇంట్లో పెట్టుకుని విన్నాడు. మొదటి పాటలో, మొదటి ఖాళీ ఉండాల్సిన చోట, అతని కాలు లేచింది. నేల తాకేలోపే బేస్ మళ్ళీ మొదలైపోయింది. కాలు అలాగే కాసేపు గాల్లో ఉంచి, మెల్లిగా దించుకున్నాడు. తర్వాత చివరిదాకా కదల్లేదు.

"ఎలా ఉంది బావా?" అన్నాను, మెప్పు కోసం.

"బాగా కుదిర్చావురా. అతుకెక్కడో కూడా తెలీట్లేదు," అన్నాడు.

నేను పొంగిపోయాను. అంత వెధవని నేను.

ఆ తర్వాత బావ బేస్ గిటారు తీయలేదు. ఫోన్ మోగితే మాత్రం అక్కకన్నా ముందు తనే వెళ్ళి ఎత్తేవాడు, చాలా ఏళ్ళపాటు. లిఫ్టులు బాగుచేస్తూ రిటైరయ్యాడు. గాయకుడూ మేష్టారూ ఒకరి తర్వాత ఒకరు పోయారు. కబురు తెలిసిన ప్రతిసారీ బావ ఆ పూట అన్నం ముందు కూర్చుని, కలిపి, తినకుండా లేచేవాడు. పోయినేడాది బావ కూడా పోయాడు.

వారం తర్వాత డ్రమ్మరు ఇంటికొచ్చాడు. ముసలివాడైపోయాడు, బస్సు నడిపిన భుజాలు జారిపోయాయి. అక్కకి దండం పెట్టి, సోఫా అంచున కూర్చున్నాడు.

"ఒక్కసారైనా వచ్చి చూడాల్సింది వదినా. పంతం పట్టి కూర్చున్నాను," అన్నాడు. "ఎవరు మర్చిపోయినా ఈయన మాత్రం మాకు చోటుంచుతాడని నమ్మకం నాకు. రికార్డు అందగానే పొయ్యి మీద పాలు కూడా చూసుకోకుండా విన్నాను. ఎక్కడా ఒక్క సందు లేదు. మీరు లేకపోయినా నాకు జరిగిపోతుందని చెప్పడానికే పంపాడనుకున్నాను. మేష్టారూ అదే అనుకున్నారు. ఆయన రికార్డు చూడగానే చొక్కా వేసుకుని మరీ ఇక్కడికి బయల్దేరబోయారట, అది విని మళ్ళీ విప్పేశారట."

చెప్పకుండా ఉండొచ్చు. ముప్పై ఏళ్ళ నాటి సంగతి, అడిగేవాళ్ళు లేరు. కానీ ఆ మనిషి బావని తప్పుగా అనుకుంటూనే గుమ్మం దాటి వెళ్ళిపోతాడు.

"అన్నా," అన్నాను. "బావ మీ ముగ్గురికీ కుర్చీలు వేశాడు. ప్రతి పాటలోనూ వేశాడు. నేనే కోసేశాను. అలవాటు కొద్దీ వదిలేశాడనుకుని కోసేశాను."

అతను నా మీద అరవలేదు. అరిచినా బాగుండేది. అక్కవైపు చూశాడు.

"నాకు తెలుసు," అంది అక్క. "విన్న రోజే చెప్పారు. మరి వాళ్ళకి ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటే, కుర్చీ వేశామని చాటింపు వేసుకుంటామా అన్నారు. వీడికి కూడా చెప్పనివ్వలేదు. నీ తమ్ముడు నా మంచి కోరే చేశాడు, తెలిస్తే వాడింక జన్మలో బ్లేడు పట్టుకోలేడన్నారు."

ముప్పై ఏళ్ళు నేను హాయిగా బ్లేడు పట్టుకున్నాను. నా చేతులు నాకే పరాయివిగా కనిపించాయి.

డ్రమ్మరు ముందుకు వంగాడు. "నాకెంత వేశాడు?"

"మొత్తం పదకొండు నిమిషాలు..."

"మొత్తం కాదు తమ్ముడూ. నాకు. ఏ పాటలో, ఎన్ని దెబ్బలకి? అదొక్కటి చెప్పు చాలు."

కళ్ళు మూసుకుని టేపు కోసిన ఆ రోజులోకి వెళ్ళాను. బ్లేడు గుర్తుంది, జిగురు వాసన గుర్తుంది, కుర్చీ కింద పోగుపడ్డ గోధుమరంగు టేపు గుర్తుంది. ఏ ముక్క ఎవరిదో చూసుకోలేదు, ఎంత పొడుగుందో చూసుకోలేదు.

"కొలవలేదన్నా," అన్నాను.

అతని వేళ్ళు మోకాలి మీద మెల్లిగా వాయించడం మొదలుపెట్టాయి. ఎక్కడిదాకా వాయించాలో తెలియక ఆగిపోయాయి.