ఉల్టా తెడ్డేసిన వైకింగు

గడ్డం కొత్తగ గుబురెక్కిన ఆ రోజుల్ల నన్ను మించిన తోపు ఉప్పల్‌ల లేడనుకునేటోన్ని. ఎనిమిదో తరగతిలనే బడికి దండం పెట్టి (బడి కూడ నాకు తిరిగి దండం పెట్టింది) నాచారంల అట్టపెట్టెల కంపెనీల పనికి కుదిరిన. ఒకనాడు మా బావ వచ్చి, వానకు కారే స్లాబులకు పూసే మందు మీద టీవీకి అడ్వటైజ్‌మెంటు తీస్తున్నరు, గడ్డపోళ్లు కావాలంట, ఇద్దరం పోదామా అన్నడు. ఆ మాట అమ్మ చెవిన పడ్డది. నా మార్కుల కాయితం ఎన్నడూ ఒకరికి చూపియ్యలేకపోయిన మనిషి, తెల్లారేసరికి చిల్కానగర్‌ల మా గల్లీ అంత చాటింపేసింది, నా కొడుకు మొఖం టీవీల వస్తదని.

షూటింగు పెట్టిన నాచారం షెడ్డుల చూస్తే సగం ఓడ. చెక్క మీద చెక్క పెంకుల లెక్క ఎక్కిచ్చి కొట్టిన్రు, ముంగట పాము తలకాయ. కింద లారీ ట్యూబులు పెట్టి నలుగురు ఊపితే అదే మాకు సముద్రం. మేం వైకింగులమట. ఎన్కట మంచుదేశాలకెల్లి ఓడలేసుకొని కొత్త జాగలు దేవులాడుకుంట పోయి, దొరికినకాడ దోసుకునేటోళ్లు. (మా బావకు వేషం అక్కరనే లేకుండె.) అంత మంచిగనే ఉంది గని, హీరో ఓడ ముంగట నిలబడ్డడు, కెమెరా ఆయనకెదురుంగ పెట్టిన్రు, తెడ్లు పట్టిన మమ్ముల్నేమో అటు వీపు పెట్టి కూసోమన్నరు. ఇగ నా మొఖమే పడదాయె. పోయే దిక్కు చూడకుంట ఎట్ల పోతరని అసిస్టెంటును అడిగిన.

"తెడ్డు గుంజేటోళ్లు గట్లనే కూసుంటరు తమ్మీ. వాళ్లు సముద్రాలన్ని గిట్లనే దాటిన్రు."

అంటే దేశాలు కనిపెట్టుడు కాదు, అవే వచ్చి వీపుకు తగులుడన్నట్టు. నాకు అమ్మ యాదికొచ్చింది. యాక్షన్ అనంగనే గిరుక్కున తిరిగి, కెమెరాకు పండ్లన్ని చూపిచ్చుకుంట గుంజిన. అందరు ఓడను ముంగటికి గుంజుతుంటే నేనొక్కన్ని ఎన్కకు. నా తెడ్డు తగిలి బావ బోర్లపడ్డడు. హీరోకు వేరే షూటింగు ఉండె, ఇంకోపారి తియ్యలే.

టీవీల వచ్చిననాడు మా ఇంట్ల కాలు పెట్ట సందు లేదు. రెప్పపాటే. వీపులే వీపులు, నడుమల నా మొఖం, నోరు చెవులదాక. అందరిదొక దిక్కు, నీ కొడుకుదొక దిక్కని పక్కింటి అత్త నవ్వు మొదలువెట్టింది, ఇల్లంత అందుకుంది. అమ్మ దిక్కు చూడనీకి నాకు ధైర్యం చాలలే. ఆమె మాత్రం టీవీ మీదికెల్లి కన్ను తియ్యలే.

"అందరు ఎన్కకు తిరిగి కూసున్నరు. నా కొడుకొక్కడే తొవ్వ సూస్తుండు."

ఇయ్యాల్టికి ఆ అడ్వటైజ్‌మెంటు ముక్క నా ఫోన్‌ల ఉంది. పనిల తల బరువైతే తీసి చూసుకుంట. ఎటు పోతుండో తెల్వదు, ఓడను ఉల్టా గుంజుతుండు, అయినా ఎంత ధీమ ఆ పోరనికి.