పన్నెండు పాత డబ్బాలు

"...పగలగొడితే ఏం పోతుంది అత్తా, ప్లాస్టిక్ డబ్బానేగా!"

"నీ సొమ్మయితే పగలగొట్టుకో. ముందు ఆ పట్టకారు కింద పెట్టు."

మేనల్లుడు క్లింట్ పట్టకారు బల్ల మీద పెట్టాడు కానీ దాని మీంచి చెయ్యి తియ్యలేదు. ఒహాయోలోని ఆ ఊళ్లో నెలకో ఆదివారం ఫైర్ స్టేషన్ హాల్లో నాణేల సంత జరుగుతుంది. కిటికీ పక్క బల్ల వాళ్లిద్దరిదీ.

మేనత్త రొవీనా ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. జీతంలో మిగిలినప్పుడల్లా ఓ పాత వెండి డాలరు కొనేది. అప్పట్లో గ్రేడింగ్ కంపెనీలు కొత్త. నాణేన్ని పరీక్షించి, డెబ్బైకి ఎన్ని మార్కులో ఆకుపచ్చ చీటీ మీద అచ్చేసి, డబ్బాలో పెట్టి అతికించేసేవాళ్లు. ఆ రోజుల్లో మార్కుల దగ్గర మహా పిసినారులని సంతలో అందరి నమ్మకం. అందుకే అరవై నాలుగున్న పాత ఆకుపచ్చ చీటీ డబ్బా, అరవై నాలుగే ఉన్న కొత్త డబ్బా కంటే ఎక్కువ పలుకుతుంది. కొన్నవాడు దాన్ని పగలగొట్టి, అరవై అయిదు వస్తుందన్న ఆశతో నాణేన్ని మళ్లీ పంపిస్తాడు.

రొవీనా కూడా ఒకసారి ఆశపడింది. ఓ అర డాలరు నాణేన్ని వంటింట్లో సుత్తితో బయటికి తీసి పంపింది. 'తోమిన నాణెం' అన్న ముద్రతో, మార్కులు లేకుండా తిరిగొచ్చింది. తోమితే నాణెం విలువ పడిపోతుంది; ఆమె దాన్ని ఎన్నడూ తోమలేదు. పాత చీటీ అప్పటికే చెత్తలో కలిసిపోయింది. నాణెం మంచిదని చూపించడానికి చేతిలో ఇంకేమీ లేదు.

ఇప్పుడు అలాంటి పాత డబ్బాలు పన్నెండు మిగిలాయి. అన్నిటినీ మళ్లీ మార్కులకి పంపడానికి క్లింట్ దరఖాస్తు నింపుకొచ్చాడు.

ఇంతలో హార్లన్ వచ్చాడు. పెద్ద బేరగాడు. ఓ డబ్బా తీసి తిరగేశాడు.

"డబ్బాకి నేను డబ్బులివ్వను రొవీనా గారూ. నేను కొనేది నాణెం."

"మరి నాణెం కంటే ముందు చీటీ రంగు చూశావేం?"

క్లింట్‌కి నవ్వాగలేదు. హార్లన్ కూడా నవ్వేసి, మామూలు ధర మీద మరో వంద చెప్పాడు.

"కొన్నాక ఏం చేస్తావు?"

"నాదయ్యాక నా ఇష్టం."

రొవీనా చెయ్యి చాపి డబ్బా వెనక్కి తీసుకుంది. హార్లన్ భుజాలెగరేసి పక్క బల్లకి నడిచాడు.

"పంపనివ్వవు, అమ్మవు! ఇంత దూరం కాఫీ తాగడానికొచ్చామా?" అన్నాడు క్లింట్.

"పగలగొట్టనివాళ్లకి అమ్మడానికొచ్చాను."

"ఈ హాల్లో అలాంటోడు ఒక్కడున్నాడా?"

"లేకపోతే లేడు. ఆ రోజు చూసినవాడు చూసి చెప్పిన మాట ఈ చీటీ మీదుంది. ఇప్పుడింకెవడో వచ్చి కాదంటే, నేను తలూపాలా?"

"మొండితనం అత్తా ఇది."

"అవును."

రొవీనా పన్నెండు డబ్బాలనీ తన వైపుకి జరుపుకుంది. దరఖాస్తు మడిచి అతని చొక్కా జేబులో పెట్టింది.

"వచ్చే నెల నీ బల్ల నువ్వు తీసుకో క్లింట్. ఇవి నా బల్ల మీద, ఈ డబ్బాల్లోనే ఉంటాయి."