ప్రతి పంపని రద్దు నోటీసు

మా చిన్నప్పుడు ఫిల్మ్ నగర్‌లో ఆదివారం వస్తే పద్నాలుగు మంది పిల్లలం తలకు నూనె, ముఖానికి పౌడరు, చేతిలో తలా రెండు అరటిపళ్లతో రోడ్డు పక్కన నిలబడేవాళ్లం... ఒక తెల్ల వ్యాను కోసం. గమ్యం, షేక్‌పేట వైపు దిగితే వచ్చే వృద్ధాశ్రమం. నడిస్తే పావుగంట దూరం. అయితే వ్యాను లేని సేవను సేవగా పరిగణించే ఆచారం మా కాలనీలో లేదు.

ఈ సందర్శన సంఘానికి అధ్యక్షురాలు రాజ్యలక్ష్మి ఆంటీ. ఆవిడ భర్త ప్రొడక్షన్ మేనేజరు. వ్యాను ఆయన కంపెనీది. కార్యదర్శిని నేను... వయసు పదకొండు. చేతిరాత గుండ్రంగా ఉన్నదన్న ఏకైక అర్హతపై నియమితురాలిని.

తొంభైల మొదట్లో మా పేటలో సత్యనారాయణ వ్రతం కూడా షూటింగ్ పద్ధతిలోనే జరిగేది. కనుక ఎవరు ఎన్నింటికి సిద్ధంగా ఉండాలో తెలిపే 'కాల్' కాగితం ప్రతి శుక్రవారం నేను రాసేదాన్ని. ఒక ప్రతి పిల్లలకు, ఒక ప్రతి ఆశ్రమానికి.

ఆశ్రమంలో పదకొండు మంది. పరిశ్రమ మద్రాసు నుంచి తరలి వచ్చినప్పుడు దాని వెంట వచ్చినవాళ్లు... తెర మీద గుంపులో కనిపించి, టైటిల్స్ పేర్లలో కనిపించనివాళ్లు. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషిని కేటాయించారు. మిగిలిన ముగ్గురు పిల్లలనూ అత్యవసర వినియోగం నిమిత్తం నిల్వ ఉంచారు.

నా వాటాకు వచ్చినావిడ మాణిక్యమ్మ గారు. ముప్పై ఏళ్లు పెళ్లి సీన్లలో అక్షింతలు వేసిన మనిషి.

"అన్నీ పెళ్లిళ్లే తల్లీ... ఒక్కదాంట్లోనూ విస్తరి వెయ్యలేదు" అని నవ్వేవారు.

కాల్ తొమ్మిదింటికి. మేము చేరేది పదకొండుకి. వాళ్లు మాత్రం ఏడింటికే తయారై వరండాలో వరసగా కూర్చునేవాళ్లు. దీన్ని మేము వృద్ధుల ఉత్సాహంగా నమోదు చేసుకున్నాం.

ఒక శనివారం వ్యాను అవుట్‌డోర్ షూటింగుకి వెళ్లిపోయింది.

"ఈ వారం క్యాన్సిల్ అని రాసి అంటించెయ్యవే" అన్నారు ఆంటీ.

"మరి ఆశ్రమంలో వాళ్లకో ఆంటీ?"

"వాళ్లకి చెప్పేదేముందే! ఎక్కడికి పోతారు, అక్కడే ఉంటారుగా."

ఈ తర్కంలో ఆనాడు నాకు లోపం కనబడలేదు. అనివార్య కారణాల వల్ల కార్యక్రమం రద్దయినదని నాలుగు వాక్యాల్లో ప్రకటించి, నీళ్ల ట్యాంకు గోడకు అంటించాను. కింద 'ప్రతులు: సభ్యులందరికీ' అని కూడా రాశాను. వృద్ధులు సంఘానికి కారణమే తప్ప సభ్యులు కారు. వారికి ప్రతి పంపాలన్న నిబంధన లేదు.

ఆదివారం ఏడింటికే మెలకువ వచ్చింది... ఎవరూ లేపకుండానే.

టీవీ పెట్టాను, ఆపాను. లెక్కల పుస్తకం తెరిచాను, మూశాను. గేటు దాకా వెళ్లి వచ్చాను. కూర్చుంటే గడియారం కనబడుతోంది, నిలబడితే వినబడుతోంది. తొమ్మిది... పదకొండు... పన్నెండున్నర.

"ఏంటే ఆ తిరుగుడు, కాలుగాలిన పిల్లిలా? కాసేపు పడుకో" అంది అమ్మ.

రెండింటికి సైకిలు తీశాను. ఆ వాలులో బ్రేకు వెయ్యలేదని ఇప్పుడు అంగీకరిస్తున్నాను.

వరండాలో పదకొండు కుర్చీలు. పదకొండు మందీ కూర్చునే ఉన్నారు. ముఖాల మీది పౌడరు చెమటకు చారలు కట్టింది. మాణిక్యమ్మ గారి కొప్పులో మల్లెలు గోధుమరంగుకు తిరిగాయి. వంటచూసే యాదగిరి అన్న నన్ను చూడగానే మండిపడ్డాడు.

"గిప్పుడొస్తున్నవా బిడ్డా? పొద్దుగాల ఏడింటి సంది కూసున్నరు. అన్నం తినుండ్రి అంటే ఒక్కరు లేస్తలేరు. ఇయ్యాల్టికి అయిపోయిందని ప్యాకప్ చెప్పలేదంట!"

మాణిక్యమ్మ గారు నా వెనక్కి చూశారు. "మిగతావాళ్లు వ్యానులో ఉన్నారా తల్లీ?"

"లేదు మామ్మగారూ... ఇవాళ లేదు. నిన్ననే క్యాన్సిల్ అయింది."

"అలాగా. అయితే ప్యాకప్ చెప్పు, లేస్తాం."

"నేను చెప్పాలా?"

"కాల్ రాసింది నువ్వే కదమ్మా. ఎవరూ చెప్పకుండా లేచామనుకో... ఈసారి పిలవరు."

మళ్లీ పిలవరేమోనని వాళ్లు భోజనం మానుకుని కూర్చున్నారు. మా అరటిపళ్ల కోసం. మేము తప్పులతో చదివే పద్యాల కోసం.

సైకిలు స్తంభానికి ఆనించి చెప్పాను. "ప్యాకప్..."

ఒక్కొక్కరే మోకాళ్లు పట్టుకుని లేచారు. యాదగిరి అన్న కంచాలు పెట్టడానికి లోపలికి పరుగెత్తాడు. లేచినవాళ్లు మాత్రం కదల్లేదు. షూటింగుల్లో ప్యాకప్ తర్వాత రేపటి కాల్ చెబుతారట... అది వింటే గానీ వెళ్లరట.

నాకు వ్యాను లేదు, అధికారం లేదు, అధ్యక్షురాలి అనుమతి లేదు.

"రేపు నాలుగింటికి" అన్నాను. "నేనొక్కదాన్నే. నడిచి వస్తాను."

"మేము రెండింటికల్లా రెడీగా ఉంటాం" అన్నారు మాణిక్యమ్మ గారు, భోజనానికి వెళ్తూ.

మర్నాడు బడి నుంచి పరుగెత్తి, నాలుగుకి పది నిమిషాలుండగా చేరాను. సంఘం చరిత్రలో వేళకు ముందు జరిగిన సందర్శన అదొక్కటే. నమోదు కాలేదు.

ఆ ఆశ్రమం స్థలంలో ఇప్పుడు అద్దాల మేడ ఉంది. రద్దు చేయడం కూడా ఎంతో సులువైంది... ఫోనులో ఒక్క ముక్క, పక్కన చేతులు జోడించిన బొమ్మ. నేనూ పంపుతాను. పంపాక మాత్రం కూర్చోలేను. లేచి గదిలో అటూ ఇటూ తిరుగుతాను... ప్రతి ఎవరికో అందలేదేమోనని.

మీరు వస్తానని చెప్పి, రాననడం మరిచిన ఇల్లు ఏదైనా గుర్తొచ్చిందా? ముందు అక్కడికి వెళ్లి రండి. కింద కామెంటు రాయడం తర్వాత... మేము ఇక్కడే ఉంటాం.